విశాఖ డాబా మీద ఎడారి వాన: పెయింట్ డబ్బాల్లో విత్తనాల లెక్క

ఎడారి మొక్కలు ఏ లెక్కన మొలుస్తాయో ఇంటి దగ్గరే చేసి చూడాలనుకునేవాళ్ల కోసం ఈ డైరీ. మాది ఎంవీపీ కాలనీ, సముద్రం కిలోమీటరు లోపే. గాలిలో తేమ, ఉప్పు ఎప్పుడూ ఉంటాయి కాబట్టి ఎడారిని అనుకరించడానికి ఇంతకన్నా ఇబ్బందైన చోటు దొరకదు. అందుకే ఇక్కడ చేసిన మార్పులు కాకినాడ, శ్రీకాకుళం వైపు వాళ్లకి కూడా పనికొస్తాయి.

తేల్చుకోవాలనుకున్న ప్రశ్న ఇది. మన రైతుకి కార్తెలున్నాయి: రోహిణిలో దుక్కి, మృగశిరలో విత్తు. థార్ ఎడారికి సాధారణంగా జులై వస్తే గానీ రుతుపవనం చేరదు, చేరినా ఏ ఏడు ఎంత పడుతుందో చెప్పలేం. జైసల్మేర్‌లో ఏడాది మొత్తం పడే వానని మన దగ్గర ఒక్క వాయుగుండం రెండు రోజుల్లో కురిపించగలదు. అలాంటి చోట గింజ ఏ వానని నమ్మి మొలుస్తుంది? ఎంత పడితే నమ్ముతుంది? ఏ వేడిలో పడితే నమ్ముతుంది?

దశ 1: ఇసుక, డబ్బాలు

బీచ్ ఇసుక పనికిరాదు. చెప్పడం కాదు, కొలిచి చూడండి:

1. 100 గ్రాముల ఎండు ఇసుక, 500 మి.లీ. వాన నీళ్లు సీసాలో పోసి బాగా కదపాలి.
2. అరగంట ఆగి, పైకి తేరిన నీళ్లలో టీడీఎస్ మీటర్ (నీళ్లలో కరిగిన ఉప్పులు, లవణాలు కొలిచేది) ముంచాలి.
3. 60 పీపీఎం కన్నా తక్కువొచ్చేదాకా ఇసుక కడగాలి.

బీచ్ ఇసుక 1000 దాటింది. ఇళ్ల పనికి అమ్మే ఏటి ఇసుక 90 చూపించి, రెండు సార్లు కడిగాక 45కి దిగింది. ఎర్రగా, సన్నగా చక్కగా ఉంది కదా అని ఎర్రమట్టి దిబ్బల నుంచి తెచ్చుకోమని ఒకరిద్దరు సలహా ఇచ్చారు. అది రక్షిత భూవారసత్వ స్థలం, అక్కడి నుంచి గుప్పెడు కూడా తీయకూడదు. చూడాలనిపిస్తే భీమిలి రోడ్డు మీద వెళ్లి చూసి రండి.

మొదట కొన్నవి 40 × 30 సెం.మీ. ప్లాస్టిక్ ట్రేలు, ఇసుక లోతు 15 సెం.మీ. లెక్క తేలికగా ఉంటుందని ఎంచుకున్నవి: ఉపరితలం 1200 చదరపు సెం.మీ., అంటే 1 మి.మీ. వానకి 120 మి.లీ. 25 మి.మీ. వాన పోసినప్పుడు అడుగు కంతల్లోంచి నీళ్లు ధారగా కారాయి. కింద బేసిన్ పెట్టి పట్టి కొలిస్తే, పోసిన 3 లీటర్లలో 1.1 లీటర్లు బయటికి వచ్చేశాయి. పేరుకి 25 మి.మీ. వాన, గింజకి అందింది 16 మి.మీ.

ఈ ఒక్క కొలత ప్రాజెక్టు మొత్తాన్ని మార్చింది. ఇసుక తన పరిమాణంలో పదో వంతు దాకానే నీళ్లు పట్టి ఉంచుతుంది, మిగతాది కిందికి వదిలేస్తుంది. నిజమైన ఎడారిలో ఆ దిగిన నీళ్లు పోవు. ఎండ లాగలేనంత లోతులో దాక్కుని వేళ్లకి అందుతాయి. బంకమట్టిలో అయితే అదే వాన పైపైనే నిలిచి చాలావరకు ఆవిరైపోతుంది. అందుకే తడి ప్రాంతాల్లో ఇసుక నేలని పేద నేల అంటారు గానీ, ఎడారిలో ఇసుక నేలే మొక్కకి మేలు. 1973లో పర్యావరణ శాస్త్రవేత్త ఇమాన్యుయెల్ నోయ్-మీర్ ఎడారి వ్యవస్థల మీద రాసిన ప్రసిద్ధ వ్యాసంలో ఈ తలకిందుల లెక్క ఉంటుంది. లోతు లేని ట్రేలో ఆ లెక్క కనిపించదు.

ట్రేలు పక్కన పెట్టి 20 లీటర్ల పాత పెయింట్ డబ్బాలు తెచ్చాను. పెయింటర్ల దగ్గర ఒక్కోటి 70 రూపాయలు. వాటర్‌బేస్ పెయింట్‌వే తీసుకోండి, ఆయిల్ పెయింట్‌వి కడిగినా వాసన పోదు.

- ఇసుక లోతు 28 సెం.మీ., పైభాగం వ్యాసం 28 సెం.మీ.
- 1 మి.మీ. వాన = 62 మి.లీ. (25 మి.మీ. అంటే 1.55 లీటర్లు)
- నిండిన డబ్బా బరువు సుమారు 25 కిలోలు
- 25 మి.మీ. పోశాక తడి దిగిన లోతు 23 సెం.మీ., అడుగున చుక్క కారలేదు

డబ్బాకి ఇనప తీగ పిడి ఉండడం ఇంకో లాభం, దాని సంగతి కింద చెప్తాను.

ఖర్చు ఇప్పటిదాకా: ట్రేలు 2,160 + ఇసుక 900 + లగేజీ త్రాసు 350 + టీడీఎస్ మీటర్ 300 + డబ్బాలు 840 = 4,550 రూపాయలు.

దశ 2: వాన పడకుండా, గాలి ఆడేలా

ఇక్కడ జూన్ నుంచి నవంబర్ దాకా ఎప్పుడైనా వాన పడొచ్చు. నైరుతి పోయాక కూడా బంగాళాఖాతం ఊరుకోదు. కాబట్టి పైన పాలీకార్బొనేట్ షీటు తప్పనిసరి. 8 × 6 అడుగుల షీటు, జీఐ పైపు ఫ్రేము.

షీటుని నాలుగడుగుల ఎత్తులో వేసినప్పుడు మే మధ్యాహ్నం ఇసుకలో 2 సెం.మీ. లోతున 57 డిగ్రీలు వచ్చింది. పక్కనే ఎండలో పెట్టిన డబ్బాలో 52. షీటు కింద వేడి గాలి కదలకుండా నిలిచిపోతోంది. ఒక వైపు ఏడడుగులు, ఇంకో వైపు ఆరడుగులకి పెంచి వాలుగా బిగించాక తేడా ఒకటిన్నర డిగ్రీకి తగ్గింది. ఫ్రేముని పిట్టగోడకి నాలుగు చోట్ల క్లాంపులతో కట్టండి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ చూసిన ఊరికి దీని గురించి వేరే చెప్పక్కర్లేదు. తుపాను హెచ్చరిక వస్తే షీటు విప్పి లోపల పెట్టేయడమే, ఫ్రేముని నమ్ముకోవద్దు.

ఇసుకలో తేమ కొలవడానికి ముందు కెపాసిటివ్ సెన్సర్లు (ఇసుకలో గుచ్చితే తడిని కరెంటుతో పసిగట్టే పట్టీలు) నాలుగు పెట్టాను. రెండు సమస్యలు వచ్చాయి. పొడి ఇసుక గుల్లగా ఉండి సెన్సర్‌కి సరిగ్గా ఆనదు, ఒకే డబ్బాలో అంగుళం జరిపితే అంకె మారిపోతుంది. రెండోది మన గాలి. ఉప్పు తేమకి సెన్సర్ పై అంచులోని సర్క్యూట్ పచ్చబడింది. నెయిల్ పాలిష్ రెండు పూతలు వేస్తే ఇంకొన్నాళ్లు నడిచాయి గానీ, అంకెల మీద నాకు నమ్మకం కుదరలేదు.

దాని బదులు త్రాసు. 50 కిలోల లగేజీ త్రాసుని ఫ్రేము అడ్డ పైపుకి కప్పీతో వేలాడదీసి, డబ్బా పిడి తగిలించి ఎత్తడమే. 10 గ్రాముల తేడా చూపిస్తుంది, అంటే 0.16 మి.మీ. వాన. రోజూ పొద్దున్న ఒకే టైమ్‌కి తూచితే ఎంత ఆవిరైందో నేరుగా తెలుస్తుంది. ఇంత చవకైన, ఇంత నమ్మకమైన పద్ధతి ఇంకోటి నాకు కనిపించలేదు.

త్రాసు ముందు చెప్పిన సంగతి: 10 మి.మీ. పోసిన డబ్బా మొదటి రోజు 190 గ్రాములే పోగొట్టుకుంది, 3 మి.మీ. పైచిలుకు. జైసల్మేర్ వైపు మే, జూన్‌లలో తెరిచి పెట్టిన పళ్లెంలో నీళ్లు రోజుకి 10 మి.మీ.కి పైనే ఆవిరవుతాయి. ఇక్కడి చెమట గాలిలో ఇసుక కూడా ఆరదు. టేబుల్ ఫ్యాన్‌ని డబ్బాల మీదుగా పగలు పన్నెండు గంటలు తిప్పితే 340 గ్రాములకి పెరిగింది. ఎడారితో సమానం కాలేదు. కానీ తడి ఎన్నాళ్లు నిలుస్తుందన్నదే గింజకి ప్రాణం కాబట్టి, ఫ్యాన్ లేకుండా వచ్చిన ఫలితాలన్నీ పక్కన పెట్టేశాను.

ఖర్చు: షీటు, ఫ్రేము 5,400 + సెన్సర్లు 480 + ఈఎస్‌పీ32 బోర్డు (సెన్సర్ల అంకెలు చదివే చిన్న సర్క్యూట్) 450 + ఉష్ణోగ్రత ప్రోబ్‌లు 330. మొత్తం 11,210.

దశ 3: గింజలు

మూడు రకాలు తీసుకున్నాను.

పల్లేరు: థార్‌లో వానాకాలపు మొక్క, మన దగ్గర ఇసుక నేలల్లోనూ ఉంటుంది. కాళ్లకి గుచ్చుకునే ఆ ముళ్ల కాయ అయిదు ముక్కలుగా విడిపోతుంది, ఒక్కో ముక్కలో రెండు నుంచి నాలుగు గింజలు. ఖాళీ ప్లాటులో ఏరుతుంటే మా వాచ్‌మన్ తాత వచ్చి నిలబడ్డాడు. "ఏటండి బాబూ, పల్లేరు ఏరతన్నారేటి? నాలుగు సినుకులకి పుట్టదది. గట్టిగా ఓ వాన పడాల, అప్పుడు సూడండి." ఆ మాట నోట్సులో రాసుకున్నాను. దశ 4 చూస్తే ఎందుకో తెలుస్తుంది.

అంజన్ గడ్డి: థార్ పశువుల మేత. మేత విత్తనాల దుకాణంలో దొరుకుతుంది. ఆ ఏడు కోసిన కొత్త గింజని తడి కాగితంలో పెడితే వందకి ఆరే మొలిచాయి. దుకాణం ఆయనకి చెప్తే, "కొత్తది మొలవదండీ, దానికి నిద్ర తీరాలి. నిరుటిది ఉంది, పట్టుకెళ్లండి" అన్నారు. నిరుటి గింజ వందకి 44 మొలిచింది. ఈ నిద్ర ఊరికే పెట్టుకున్నది కాదు. శరదృతువులో రాలిన గింజ, చలికాలంలో దారి తప్పి పడిన జల్లుకి మొలిస్తే ముందున్నది ఆరేడు నెలల ఎండ. నెలల తరబడి లేవకపోతే నేరుగా వచ్చే రుతుపవనానికే లేస్తుంది.

ఇసబ్‌గోల్: ఇది శీతాకాలపు మొక్క. రాజస్థాన్, గుజరాత్ రైతులు నవంబర్‌లో విత్తి ఫిబ్రవరి, మార్చిలలో కోస్తారు. అమెరికా సోనోరన్ ఎడారిలోనూ ఇదే జాతి చలికాలపు వానలకి మొలుస్తుంది. పొట్టు కాకుండా నిండు గింజ కావాలి. పూర్ణా మార్కెట్ దగ్గర మూలికల దుకాణాల్లో అడగండి.

ఇసబ్‌గోల్ గింజని ఒకసారి భూతద్దం కింద పెట్టి నీటి చుక్క వేసి చూడండి. చిన్న పడవలా, లేత గులాబీ రంగులో ఉంటుంది. నిమిషంలో దాని చుట్టూ గాజులాంటి జిగురు పొర ఉబ్బుతుంది. చుట్టుపక్కల ఇసుక రేణువులు దానికి అతుక్కుంటాయి. ఎండాక వేలితో తోస్తే గింజ కదలదు, ఇసుకతో కలిసి గట్టిపడిపోతుంది. ఆ జిగురు ఏం పని చేస్తుందో చీమలు వచ్చిన రోజు అర్థమైంది. ఎర్ర చీమలు అంజన్ గడ్డి గింజల్ని వరసగా మోసుకుపోయాయి. తడిసి ఆరిన ఇసబ్‌గోల్ గింజ ఒక్కటీ పెకలించలేకపోయాయి. ఎడారుల్లో గింజలకి చీమలు, ఎలుకలే పెద్ద శత్రువులు.

చీమలకి విరుగుడుగా డబ్బాల కింద నీళ్ల పళ్లేలు పెడితే నాలుగు రోజుల్లో దోమ పిల్లలు తిరిగాయి. డెంగీ సీజన్‌లో అది కుదరదు. పళ్లేలు తీసేసి, స్టాండు కాళ్లకి అరచేతి వెడల్పున గ్రీజు పూశాను. పది రోజులకోసారి మళ్లీ పూయాలి, దుమ్ము పడితే చీమలు దాని మీదుగా నడిచేస్తాయి.

గింజలు 400. మొత్తం 11,610.

దశ 4: వాన పోయడం

మామూలు పూలకుండీల రోజ్ క్యాన్‌తో పోస్తే గుంటలు పడి, గింజలు తేలి ఒక మూలకి చేరాయి. 280 రూపాయల చేతి స్ప్రేయర్‌కి మారాను, నిమిషానికి 1 మి.మీ. మించకుండా. నీళ్లు వాన నీళ్లే. మా బోరు నీటి టీడీఎస్ 900 దాటింది, దానితో చేస్తే ఉప్పు ప్రభావం ఏదో, వాన ప్రభావం ఏదో విడదీయలేం. మొత్తం 11,890.

1. 12 డబ్బాలు, నాలుగు వానలు (5, 10, 15, 25 మి.మీ.), ఒక్కో వానకి మూడేసి డబ్బాలు.
2. డబ్బా పైభాగాన్ని దారంతో మూడు భాగాలు చేసి గడ్డి 30, ఇసబ్‌గోల్ 30, పల్లేరు ముక్కలు 12.
3. అర సెం.మీ. ఇసుక కప్పు. ఒక్కసారే వాన. తర్వాత చుక్క పోయకూడదు.
4. రెండు రోజులకోసారి డబ్బాల స్థానాలు మార్చాలి, పడమర అంచు ఎక్కువ కాలుతుంది.

మే, జూన్ ఫలితం, మూడేసి డబ్బాలు కలిపి (గడ్డి 90, పల్లేరు 36, ఇసబ్‌గోల్ 90కి):

- 5 మి.మీ.: అన్నీ సున్నా. మర్నాటి మధ్యాహ్నానికి పైన తడి లేదు.
- 10 మి.మీ.: గడ్డి 3, పల్లేరు 1, ఇసబ్‌గోల్ 0
- 15 మి.మీ.: గడ్డి 14, పల్లేరు 6, ఇసబ్‌గోల్ 0
- 25 మి.మీ.: గడ్డి 37, పల్లేరు 17, ఇసబ్‌గోల్ 2

మొలిచినవి ఎన్ని అన్నదానికన్నా, బతికినవి ఎన్ని అన్నది ముఖ్యం. నాలుగో ఆకు దాకా వచ్చిన గడ్డి 15 మి.మీ. డబ్బాల్లో 14కి రెండే, 25 మి.మీ. డబ్బాల్లో 37కి 26. 10 మి.మీ.కి లేచిన మూడూ పోయాయి. చిన్న వానకి తొందరపడిన గింజ వంశం అక్కడితో ఆగిపోతుంది. తరతరాలుగా అలాంటివి పోగా మిగిలినవే ఇప్పుడు థార్‌లో ఉన్న గింజలు. తాత చెప్పిన "గట్టిగా ఓ వాన" అంటే మన రైతుల భాషలో పదును వాన. నా డబ్బాల్లో దాని కొలత 15, 25ల మధ్య ఎక్కడో ఉంది.

ఒక ప్రశ్న మిగిలింది. గింజ వానని ఎలా కొలుస్తుంది? ప్లాస్టిక్ గ్లాసుల్లో చిన్న పరీక్ష పెట్టాను. పొట్టుతో ఉన్న గడ్డి గింజలు 40కి పై నుంచి వాన, ఇంకో 40కి గ్లాసుని పళ్లెంలో పెట్టి కింద నుంచి తడి. రెండింటిలో ఇసుక బరువు ఒకటే అయ్యేలా తూచాను. పై నుంచి తడిసినవి 16 మొలిచాయి, కింద నుంచి తడిసినవి 5. పొట్టు ఒలిచి మళ్లీ చేస్తే 22, 20. అంటే అడ్డు పొట్టులోనే ఉంది, పై నుంచి దిగే నీళ్లు దాన్ని కడిగేయాలి. చిరుజల్లు కడగలేదు, గట్టి వాన కడగగలదు. కాలిఫోర్నియా ఎడారి గింజల మీద పనిచేసిన వృక్షశాస్త్రవేత్త ఫ్రిట్స్ వెంట్ 1940లలోనే దీన్ని చూపించారు: పై నుంచి వాన పడితే మొలిచే గింజ, కింద నుంచి నేల తడిపితే మొలవదు.

దశ 5: వేడి, చలి

మేలో ఇసబ్‌గోల్ 90కి 2. సరే, డిసెంబర్‌లో మొలుస్తుంది కదా అని అదే 25 మి.మీ. మళ్లీ ఇచ్చాను. 90కి 21 వచ్చాయి. పెరిగింది గానీ, చాలదు. ప్రోబ్ చెప్పిన కారణం: విశాఖ డిసెంబర్‌లో కూడా ఇసుక మధ్యాహ్నం 33 నుంచి 36 దాకా పోతోంది, రాత్రి 19కి దిగడం లేదు. బికనేర్ జనవరి రాత్రి ఇక్కడ ఎప్పటికీ రాదు.

చలిని డబ్బాల్లోకి తేలేం కాబట్టి గింజల్నే చలిలోకి తీసుకెళ్లాను:

1. థర్మాకోల్ పెట్టె (150 రూపాయలు), లోపల రెండు లీటరు సీసాల ఐసు.
2. తడి కాగితంలో గింజలు, స్టీలు టిఫిన్ డబ్బాలో. ఐసుకి డబ్బా తగలకుండా మధ్యలో చెక్క ముక్క.
3. పొద్దున, రాత్రి సీసాలు మార్చాలి. ప్రోబ్ 17కి, 20కి మధ్య ఉండాలి.

చెక్క ముక్క లేని మొదటి విడతలో ఉష్ణోగ్రత 6కి పడి, ఏ గింజా కదల్లేదు. చెక్క పెట్టాక: ఇసబ్‌గోల్ వందకి 78. అదే పెట్టెలో అంజన్ గడ్డి వందకి 4, పల్లేరు 30 ముక్కలకి సున్నా. మే నెలలో గదిలో (31 నుంచి 33 డిగ్రీలు) ఇదే కాగితం పద్ధతిలో ఇసబ్‌గోల్ వందకి 5.

ఈ అంకెలు చూసిన రోజు నాకు నిద్ర పట్టలేదు. వెంట్ ఎడారి మట్టిని తెచ్చి, ఒకే రకంగా నీళ్లిచ్చి, ఒక వాటాని చల్లగా, ఒక వాటాని వెచ్చగా ఉంచారు. చల్లటి దాంట్లో శీతాకాలపు మొక్కలు, వెచ్చటి దాంట్లో వేసవి మొక్కలు లేచాయి. మట్టి ఒకటే, గింజలు రెండు పంచాంగాలవి. అది థర్మాకోల్ పెట్టెతో ఎంవీపీ కాలనీలో కూడా కనిపిస్తుంది. వాన పరిమాణం ఒక తాళం, ఉష్ణోగ్రత రెండో తాళం. రెండూ ఒకే రోజు తెరుచుకుంటేనే మొలక. మన డాబా మీద మొదటి తాళం వరకే పరీక్షించగలం, రెండోదానికి పెట్టె కావాలి.

మొత్తం 12,040. పనికిరాని ట్రేలు, సెన్సర్లు తీసేస్తే కొత్తగా చేసేవాళ్లకి 9,400లో అయిపోతుంది.

దశ 6: జమ్మి, ఉపగ్రహం

ఈ రెండు తాళాల లెక్కకి లొంగని మొక్క ఒకటుంది, మనం దసరాకి పూజించే జమ్మి. థార్‌లో ఖేజ్డీ అంటే ఇదే, రాజస్థాన్ రాష్ట్ర వృక్షం. గుడి ఆవరణలో ఒక చెట్టుకి నాలుగు కొమ్మలకి రంగు దారాలు కట్టి చిగుళ్లు గమనించాను. మార్చి, ఏప్రిల్‌లలో, వాన జాడ లేకుండానే కొత్త ఆకు వచ్చింది, తర్వాత పూత. థార్‌లోనూ అంతే, ఎండలు ముదిరేటప్పుడు చుట్టూ గడ్డి మాడిపోయి ఉంటే ఇది పచ్చగా ఉంటుంది. దాని వేళ్లు లోతు నీళ్ల మీద ఉన్నాయి, నిన్నటి వానతో పని లేదు.

థార్‌లో పచ్చదనం ఎప్పుడు లేస్తుందో ఉపగ్రహ చిత్రాల్లో చూడొచ్చు గానీ, ఈ జమ్మి వల్ల జాగ్రత్త పడాలి. యూరప్ ఉపగ్రహం సెంటినెల్-2 చిత్రాలు ఉచితం, 10 మీటర్ల వివరంతో అయిదు రోజులకోసారి. జైసల్మేర్ చుట్టుపక్కల పచ్చదనం గీత వేస్తే మేలో కనిపించే చిన్న పచ్చదనం చెట్లది, ఆగస్టు, సెప్టెంబర్‌లలో లేచేది గడ్డిది. గీతలో ఫిబ్రవరిలో రెండో గుట్ట కనిపిస్తే అది ఎడారి కాదు, ఇందిరా గాంధీ కాలువ కింద రబీ పంట. చిత్రంలో ఆ చుక్కలు (పిక్సెళ్లు) తీసేయండి. పచ్చదనం కొలిచే మామూలు సూచిక ఎన్‌డీవీఐకి మెరిసే ఇసుక అడ్డొస్తుంది, నేల వెలుగుని సరిచేసే ఎస్‌ఏవీఐ (0.5 దిద్దుబాటుతో) వాడండి.

దశ 7: రెండో వాన

పల్లేరు 25 మి.మీ. డబ్బాల్లో 17 మొలకలు తీసేశాక, మొలిచిన ముక్కల్ని కట్టింగ్ ప్లయర్‌తో విప్పి చూశాను. పెద్ద గింజ ఒక్కటే మొలిచింది, పక్కన చిన్నవి తెల్లగా, గట్టిగా అలాగే ఉన్నాయి. విప్పకుండా ఉంచిన ముక్కలకి నెల తర్వాత మళ్లీ 25 మి.మీ. ఇస్తే ఇంకో 6 మొలకలు. వేడి అదే, వాన అంతే. మొదటిసారి లేవలేనివి కావవి, లేవనివి.

1966లో డాన్ కోహెన్ అనే జీవశాస్త్రవేత్త దీనికి లెక్క కట్టారు. మంచి ఏళ్లు ఎంత అరుదైతే, ఒక్కసారి మొలవాల్సిన వాటా అంత తక్కువ. గింజలన్నీ ఒకే వానకి లేస్తే, ఆ వాన వెనక ఇంకో వాన రాని ఏడు మొత్తం తుడిచిపెట్టుకుపోతుంది. పల్లేరు ఈ లెక్కని ఒక్క కాయలోనే సర్దుకుంది.

కాబట్టి వాన అయిపోయిందని డబ్బాల్లో ఇసుక పారబోయకండి. తదుపరి విడతకి నేను చేస్తున్న మార్పులు:

1. మొలిచిన ముక్కల్ని విప్పకుండా అదే డబ్బాలో ఉంచి, ఎండబెట్టి, వచ్చే మేలో మూడో వాన.
2. 15, 25 మధ్య 18, 21 మి.మీ. డబ్బాలు అదనంగా.
3. ఒకే రోజు 25 కాకుండా 12, 13గా రెండు రోజులకి విడదీసి ఒక వరస. పొట్టు కడుగుడుకి మొత్తం లెక్కా, ఒక్క ఊపు లెక్కా అన్నది దీంతో తేలాలి.
4. ఇసబ్‌గోల్‌ని థర్మాకోల్ పెట్టెలో మొలిపించి, డిసెంబర్ చివర్లో డబ్బాలోకి మార్చి, మార్చి ఎండకి ముందు గింజ కడుతుందో లేదో చూడడం.
5. గ్రీజు పది రోజులకి కాదు, వారానికోసారి.